నొప్పి బిళ్ళ పడక ఒంటి మీద దద్దుర్లు వస్తే ఏం చేయాలి, దేన్ని ఎలా పోల్చుకోవాలి

నాట్లప్పుడు నడుము, కోతలప్పుడు భుజాలు, చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాస్తే తల. డెల్టాలో నొప్పి బిళ్ళ వాడని ఇల్లు అరుదు. అందుకే ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది: "బిళ్ళ వేసుకున్నాక ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. బిళ్ళ పడలేదా, తిన్నది పడలేదా? ఇక ముందు నొప్పొస్తే ఏం వేసుకోవాలి?"

ఏ మందు పడలేదో దాని అసలు పేరుతో సహా తెలిస్తేనే దీనికి సరైన జవాబు దొరుకుతుంది. షీటు మీద పెద్దక్షరాల్లో కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు. కింద చిన్నక్షరాల్లో ఉండేది మందు పేరు. మీకు కావాల్సింది ఆ రెండోదే. దాన్ని పట్టుకోవడం, రాసిపెట్టుకోవడం, మళ్ళీ ఒంట్లోకి వెళ్ళకుండా చూసుకోవడం ఎలాగో కింద వరసగా ఉంది.

అన్నిటికంటే ముందు: ఇవి ఉంటే మిగతాది చదవకండి, 108కి ఫోన్ చేయండి

దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, గొంతు మారడం, నాలుక వాయడం, కళ్ళు తిరగడం, ఆగకుండా వాంతులు, స్పృహ తప్పడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగకూడదు. బిళ్ళయితే గంట రెండు గంటల్లోపు, ఇంజెక్షనయితే నిమిషాల్లోనే ఇది మొదలవుతుంది.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టండి. ఊపిరాడక పడుకోలేకపోతే కాళ్ళు చాపి కూర్చోనివ్వండి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి, గర్భిణి అయితే ఎడమ పక్కకి. నిలబెట్టి నడిపించకండి. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం మన ఊళ్ళలో మామూలే గానీ, రక్తపోటు పడిపోతున్న మనిషికి అది ప్రమాదం. ఆటో అయితే వెనక సీట్లో పడుకోబెట్టండి.

ఈ స్థితిలో ప్రాణం నిలబెట్టే మందు అడ్రినలిన్. పెద్దవాళ్ళకి 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండరానికి ఇస్తారు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో మళ్ళీ ఇస్తారు. సిట్రిజిన్ బిళ్ళ, అవిల్ ఇంజెక్షన్ దురద తగ్గిస్తాయి గానీ పడిపోయే రక్తపోటుని ఆపవు. "అవిల్ చేశాం, తగ్గిపోతుంది" అని ఎవరైనా అంటే అక్కడ కూర్చోకండి, పీహెచ్‌సీకి గానీ ఆసుపత్రికి గానీ బయల్దేరండి. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ రావచ్చు కాబట్టి వాళ్ళు ఉండమన్నంతసేపు ఉండండి.

లంక గ్రామాల వాళ్ళకి ఒక మాట. వరద రోజుల్లో కాజ్‌వే మునిగి ఉంటే, రాత్రిపూట రేవులో పడవ లేకపోతే, "ఇంకాసేపు చూద్దాం" అనుకునే వీలు మీకు లేదు. పెదవో కనురెప్పో వాయడం మొదలైనప్పుడే ఏరు దాటే ఏర్పాటు చేసుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

వేసుకున్న మందుల షీట్లు (ఖాళీవైనా సరే), డాక్టరు చీటీ, ఫోను, బాల్ పెన్ను, అంచు పగలని గాజు గ్లాసు, జ్వరం చూసే థర్మామీటరు, రూపాయి బిళ్ళ, ఒక నోటు పుస్తకం. ఉపశమనానికి సిట్రిజిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ళలు, కాలమైన్ లోషను.

1. ఆ నొప్పి బిళ్ళ ఆపేయండి. అన్నీ ఆపకండి.

అనుమానం ఉన్న నొప్పి బిళ్ళ, దాంతో పాటే మొదలుపెట్టిన గ్యాస్ బిళ్ళ, యాంటీబయాటిక్ ఆపి, డాక్టరుకి ఫోన్ చేయండి. ఏళ్ళ తరబడి పడుతూ వస్తున్న బీపీ, షుగరు, ఫిట్స్ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. గుండెకి వాడే ఆస్పిరిన్ 75 కూడా నొప్పి మందుల కుటుంబానిదే. స్టెంట్ ఉన్నవాళ్ళు దాన్ని సొంతంగా ఆపితే దద్దుర్లకంటే పెద్ద ముప్పు. అదే రోజు గుండె డాక్టరుని అడగండి.

2. మందు అసలు పేరు పట్టుకోండి

చాలామంది ఇక్కడే తప్పిపోతారు. కాంబిఫ్లామ్ ఒకే బిళ్ళ, లోపల ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ రెండున్నాయి. జిరోడాల్-పిలో అసిక్లోఫెనాక్, పారాసిటమాల్. జిరోడాల్-ఎస్పీలో వాటికి తోడు సెరాషియోపెప్టిడేజ్. మెఫ్టాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్. సారిడాన్‌లో ప్రోపిఫెనజోన్, పారాసిటమాల్, కెఫీన్. "జిరోడాల్ పడలేదు, వేరేది ఇవ్వండి" అంటే షాపతను హైఫెనాక్ ఇవ్వవచ్చు. అందులో ఉన్నదీ అసిక్లోఫెనాకే. పేరు మారింది, మందు మారలేదు.

షీటు మొత్తం కొనకుండా నాలుగు బిళ్ళలు అడిగితే పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. కత్తిరించకముందే షీటు రెండు వైపులా ఫోటో తీసుకోండి. ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇస్తే పొట్లం వెనక ఒక్కో బిళ్ళ పేరు రాయించుకోండి. ఇంజెక్షనయితే ఖాళీ యాంప్యూల్ (మందుండే చిన్న గాజు సీసా) అడిగి ఫోటో తీయండి. బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకి 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోనుతో స్కాన్ చేస్తే లోపలి మందు పేరు వస్తుంది.

బిళ్ళలే చూసి ఊరుకోకండి. రాసుకునే వొలిని లాంటి జెల్‌లో డైక్లోఫెనాక్ ఉంటుంది. చాలా నొప్పి బామ్‌లలో ఆస్పిరిన్‌కి చుట్టమైన మిథైల్ సాలిసిలేట్ ఉంటుంది. శుక్లాల ఆపరేషను తర్వాత వేసే కంటి చుక్కల్లో కీటోరోలాక్, నెపాఫెనాక్ ఉండొచ్చు. పన్ను పీకాక ఇచ్చే బిళ్ళ కీటోరోలాక్ కావచ్చు. మోకాళ్ళ నొప్పులకని సంతలో అమ్మే పేరులేని పొడులనీ అనుమానించండి. అలాంటి వాటిలో డైక్లోఫెనాక్, స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి.

3. గడియారం, క్యాలెండరు ముందు పెట్టుకుని రాయండి

ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ రోజు ఏ గంటకి, ఎన్నో బిళ్ళకి, మొదటి దద్దురు ఎప్పుడు, ఒంటి మీద ఎక్కడ. నిన్నటి దాకా రాసి ఆపకండి, వెనక్కి ఎనిమిది వారాలు వెళ్ళండి. ఎందుకంటే ఒక్కో రియాక్షనుకి ఒక్కో వ్యవధి ఉంటుంది. దద్దుర్లు, వాపు నిమిషాల నుంచి కొన్ని గంటల్లో. ఒకేచోట వచ్చే నల్ల మచ్చ, ఇంతకుముందు ఆ మందు వాడినవాళ్ళకి అరగంట నుంచి రెండు రోజుల్లో. తట్టు లాంటి ఎర్ర పొక్కులు మొదటిసారి వాడితే నాలుగు రోజుల నుంచి రెండు వారాల్లో. బొబ్బలతో చర్మం ఊడే జబ్బు నాలుగు రోజుల నుంచి నాలుగు వారాల్లో. జ్వరం, ముఖం వాపు, గ్రంథుల వాపుతో వచ్చే డ్రెస్ అనే రియాక్షను రెండు నుంచి ఎనిమిది వారాల్లో. నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫెనమిక్ యాసిడ్‌తో ఈ డ్రెస్ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరిక ఇచ్చింది. "బిళ్ళ ఆపి వారమైంది కదా, దానివల్ల కాదులే" అనే మాట ఇందుకే చెల్లదు.

తిండి కూడా రాయండి. రొయ్యలో పీతలో ఎప్పుడూ పడేవే తిని, పైన నొప్పి బిళ్ళ వేసుకుని, ఎండలో పనికి దిగితే కొందరికి రియాక్షను వస్తుంది. లోపల దాగి ఉన్న తిండి ఎలర్జీని నొప్పి బిళ్ళ, శ్రమ కలిసి పైకి తెస్తాయి. అలాంటప్పుడు రొయ్యలనీ బిళ్ళనీ విడివిడిగా తప్పుబడితే అసలు సంగతి దొరకదు. రెండూ రాసి డాక్టరు ముందు పెట్టండి.

4. చర్మాన్ని వెలుతురులో, బట్టలు తీసి, దగ్గరగా చూడండి

పగటి వెలుతురులో చూడండి. నోరు, కళ్ళు, మర్మాంగాలు వదలొద్దు. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీస్తే ఎంత పెద్దదో తర్వాత తెలుస్తుంది.

*దద్దుర్లు:* దోమ కుట్టినట్టు ఉబ్బెత్తుగా లేచి, అంచులు కలిసిపోయి, విపరీతంగా దురద పెడతాయి. ఒకచోట అణిగి మరోచోట లేస్తాయి. పెదవి, కనురెప్ప ఉబ్బొచ్చు.

*ఒకేచోట తిరగబెట్టే మచ్చ:* దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇంకోటి అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. గుండ్రంగా, మొదట ఎరుపు-ఊదా రంగులో, మంటతో వస్తుంది. ఒక్కోసారి మధ్యలో బొబ్బ కడుతుంది. తగ్గాక నేరేడు పండు రంగు మచ్చ నెలల తరబడి ఉంటుంది. మళ్ళీ అదే మందు వేసుకుంటే అదే చోట తిరిగి మండుతుంది, పక్కన కొత్తవి కూడా లేస్తాయి. పెదవి, చేతులు, మర్మాంగాలు దీనికి ఇష్టమైన చోట్లు. పెదవి మీదయితే "వేడి చేసింది" అంటారు. ఒంటి మీదయితే తామర అనుకుని ట్యూబు రాస్తారు. తామరకి అంచు పొట్టు రేగి బయటికి పాకుతూ పోతుంది, మధ్య తేటపడుతుంది. ఈ మచ్చ నున్నగా, నిండుగా ఒకే రంగులో ఉండి, ఉన్నచోటే ఉంటుంది. మర్మాంగాల మీద వస్తే సుఖవ్యాధి అని మొగుడూ పెళ్ళాల మధ్య అనుమానాలు, గొడవలు. దయచేసి ఆ నిందకి వెళ్ళకముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: మచ్చ మండిన ప్రతిసారీ అంతకు ముందు రెండు రోజుల్లో ఏ బిళ్ళ పడింది? నొప్పి బిళ్ళలే కాదు, విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్, టినిడజోల్, సల్ఫా మందులు కూడా ఇలాగే చేస్తాయి.

*తట్టు లాంటి ఎర్ర పొక్కులు:* ఛాతీ, వీపు నుంచి మొదలై కాళ్ళకి దిగుతాయి. డెంగీ, చికున్‌గున్యాల్లోనూ ఇలాంటి ఎరుపే వస్తుంది. జ్వరానికి వేసుకున్న బిళ్ళదో, జ్వరానిదో చూపుతో తేల్చలేరు. రక్త పరీక్ష చేయించండి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప మరే నొప్పి మందూ వద్దు, రక్తస్రావం ముప్పు ఉంది.

*ఎండ తగిలినచోటే మంట:* కీటోప్రొఫెన్ జెల్ రాసుకుని చేలోకి వెళితే రాసినచోట ఎర్రగా పొక్కుతుంది. జెల్ ఆపాక కూడా రెండు వారాలు ఆ భాగం మీద బట్ట కప్పుకోవాలి.

*రాసినచోట మాత్రమే బొబ్బలు:* బామ్, జెల్, లేదా నొప్పికని పెట్టిన నల్లజీడి. నల్లజీడి రసం చర్మాన్ని తీవ్రంగా పొక్కిస్తుంది. సబ్బునీళ్ళతో కడిగి డాక్టరుకి చూపించండి.

*చర్మం నొప్పెట్టి, బొబ్బలు కట్టి ఊడటం:* దీనికి గంటలు లెక్క. ముందు ఒకటి రెండు రోజులు జ్వరం, గొంతు నొప్పి, కళ్ళ మంట. తర్వాత నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడి పుసి కట్టడం, ముట్టుకుంటే చర్మం నొప్పి, కాలిన గాయంలా పొర లేవడం. దీన్ని స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అంటారు. నొప్పి మందుల్లో పైరాక్సికామ్, మెలాక్సికామ్ లాంటి ఆక్సికామ్‌లతో ఈ ముప్పు మిగతావాటికంటే ఎక్కువ. బొబ్బలు చూసి "అమ్మవారు పోసింది" అని వేపాకు మీద పడుకోబెట్టి, స్నానం పోసేదాకా మందు వద్దనుకునే ఇళ్ళున్నాయి. అమ్మవారికి నీటి బిందువుల్లాంటి చిన్న పొక్కులు దఫాలుగా లేస్తాయి, దురద పెడతాయి. ఇక్కడ చర్మం పచ్చి పుండులా నొప్పెడుతుంది, కళ్ళు, నోరు, మర్మాంగాలు కలిసి పాడవుతాయి. ఏదో తేలకపోతే ఆసుపత్రికే వెళ్ళండి. కళ్ళు దక్కాలన్నా, ప్రాణం దక్కాలన్నా చర్మ విభాగం, కంటి విభాగం, ఐసీయూ ఒకేచోట ఉన్న కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి అదే రోజు చేరాలి. చర్మం ఊడుతుందేమో అని రుద్ది చూడకండి.

5. పెన్నుతో, గ్లాసుతో రెండు పరీక్షలు

పెన్ను: ఒక దద్దురు చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి టైము రాయండి. మామూలు దద్దురయితే 24 గంటల్లో ఆ గీత లోపల చర్మం శుభ్రంగా ఉంటుంది, వేరేచోట లేచినా సరే. రోజు దాటినా అదే చోట ఉండి, నొప్పెట్టి, కమిలినట్టు గుర్తు మిగిలితే అది మామూలు దద్దురు కాదు, డాక్టరు చూడాలి.

గ్లాసు: గాజు గ్లాసు పక్కని ఎర్రటి భాగం మీద నొక్కి, లోపల నుంచి చూడండి. ఎరుపు తెల్లబారితే రక్తనాళాలు ఉబ్బి వచ్చిన ఎరుపు. నొక్కినా చెరగని ఎర్ర చుక్కలు చర్మం కింద రక్తం చేరినవి. జ్వరంతో అవి ఉంటే వెంటనే ఆసుపత్రి. నల్లటి చర్మం మీద ఈ తేడా సరిగ్గా కనపడదు, అరచేతి పక్కన, పొట్ట మీద, లేత రంగున్నచోట చూడండి.

రోజుకి రెండుసార్లు జ్వరం చూసి రాయండి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే ఇంటి వైద్యం ఆపేయండి.

6. దద్దుర్లు మాత్రమే ఉంటే ఇంట్లో చేసేది

పెద్దవాళ్ళు సిట్రిజిన్ 10 మిల్లీగ్రాములు రోజుకి ఒకటి, రాత్రిపూట. నిద్ర మత్తు వస్తుంది కాబట్టి వేసుకున్నాక ట్రాక్టరు, బండి, మోటారు జోలికి వెళ్ళొద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, పిల్లలకి డాక్టరు చెప్పిన మోతాదే. దురదకి చల్లటి తడిబట్ట, కాలమైన్. వేణ్ణీళ్ళ స్నానం, ఎండ, మద్యం దురదని పెంచుతాయి. వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానేసి నొప్పి బిళ్ళ మాత్రం కొనసాగించే పథ్యం వల్ల ఉపయోగం లేదు. పసుపు, సున్నం, కిరసనాయిలు ఏవీ పూయొద్దు. బొబ్బలు చిదమొద్దు.

మెడికల్ షాపులో స్టెరాయిడ్ బిళ్ళలు అడిగి వేసుకోకండి. పైకి అణిచేసి, డాక్టరు చూసేసరికి ఆనవాలు లేకుండా చేస్తాయి.

7. డాక్టరుని ఏమడగాలి

"ఇది ఏ రకం రియాక్షను? ఒక్క మందుకేనా, నొప్పి మందుల కుటుంబం మొత్తానికా?" ఈ రెండు ప్రశ్నలు చాలు. కొందరికి ఒకే మందు పడదు, మిగతావి పడతాయి. మరికొందరికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ అన్నీ దద్దుర్లు తెస్తాయి. ఇది ఆ మందులు ఒంట్లో ఒకే ఎంజైమును అడ్డుకోవడం వల్ల వచ్చేది. రెండు వేర్వేరు నొప్పి మందులకి దద్దుర్లు వచ్చి ఉంటే మీరు రెండో గుంపులో ఉన్నట్టు అనుకోవాలి. ఆస్తమా ఉండి, ముక్కులో కండ పెరిగినవాళ్ళకి ఈ మందులతో ఆయాసం కూడా రావచ్చు, ముందే చెప్పండి.

చర్మం కింద కాస్త మందు ఎక్కించి చూసే "టెస్ట్ డోస్"ని నొప్పి మందుల విషయంలో నమ్మకండి. అది బాగుందంటే మందు పడుతుందని అర్థం కాదు. నమ్మదగిన రక్త పరీక్ష కూడా లేదు. తేల్చాలంటే ఆసుపత్రిలో, అన్ని ఏర్పాట్లతో, కొద్దికొద్దిగా మందిచ్చి చూస్తారు. బొబ్బల రియాక్షను, డ్రెస్ వచ్చినవాళ్ళకి ఆ మందు ఆసుపత్రిలో కూడా మళ్ళీ ఇచ్చి చూడరు. ఇంట్లో సగం బిళ్ళ వేసి చూద్దామనే ఆలోచన ఎవరికీ వద్దు.

8. మరి నొప్పికి ఏం వేసుకోవాలి

ఎక్కువమందికి పడేది విడి పారాసిటమాల్, ఒక్కసారికి 500 నుంచి 650 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. ఒకేసారి 1000 వేసుకుంటే రెండో గుంపువాళ్ళలో కొందరికి దద్దుర్లు రావచ్చు. కాలేయ జబ్బున్నవాళ్ళు, రోజూ తాగేవాళ్ళు మోతాదు అడిగి వాడాలి. ఒక మెలిక ఉంది: మొదటి రియాక్షను కాంబిఫ్లామ్, జిరోడాల్-పి లాంటి కలిపిన బిళ్ళకే వచ్చి ఉంటే అందులో పారాసిటమాల్ కూడా ఉంది కదా. డాక్టరు తేల్చేదాకా అదీ అనుమానితుల్లోనే.

ఎటోరికాక్సిబ్, సెలికాక్సిబ్ చాలామందికి పడతాయి గానీ మొదటి బిళ్ళ ఆసుపత్రిలో, డాక్టరు కళ్ళముందే వేసుకోవాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి నిమెసులైడ్ 2011 నుంచి మన దేశంలో నిషేధం. ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి.

9. కార్డు రాసి జేబులో పెట్టుకోండి

ఆధార్ కార్డు కవరులోనే పట్టేంత కాగితం చాలు. ఇలా:

పడని మందు: అసిక్లోఫెనాక్ (జిరోడాల్-పి అనే బిళ్ళలో)
ఏం జరిగింది: గంటలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవి వాపు
ఎప్పుడు: నెల, సంవత్సరం
ఇవ్వకూడనివి: డాక్టరు రాసిన జాబితా
పడినవి: పారాసిటమాల్ 500

"ఎలర్జీ ఉంది" అని మాత్రమే రాస్తే పనికిరాదు. "ఇంజెక్షన్ పడదు" అని రాస్తే అంతకన్నా పనికిరాదు. మందు పేరు ఇంగ్లీషులో కూడా డాక్టరు చేత రాయించండి. ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకీ పంపండి. స్పృహ లేనప్పుడు చెప్పేది మీరు కాదు, వాళ్ళే. పంటి డాక్టరు, కంటి ఆపరేషను, కాన్పు, పశువు పొడిచి కుట్లు వేయించుకోవడం, ఎక్కడికి వెళ్ళినా మందు రాసేముందే కార్డు చూపించండి.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడానికి: ఇంట్లో ఉన్న షీట్లన్నీ, బామ్‌లతో సహా, ఒక పళ్ళెంలో పోసి కార్డు పక్కన పెట్టుకుని చిన్నక్షరాలు చదవండి. ఇవ్వకూడని పేరున్నది కనిపిస్తే పక్కకి తీసేయండి, అది మీకు పనికిరాదు. దద్దుర్లు మందు ఆపిన కొన్ని రోజుల్లో పోవాలి. ఏ నొప్పి మందూ లేకుండానే ఆరు వారాలు దాటి రోజూ లేస్తుంటే కారణం వేరే ఉంది, చర్మ వైద్యుడిని కలవండి. అలాంటి పాత దద్దుర్లవాళ్ళకి నొప్పి బిళ్ళ వాటిని ఇంకా రెచ్చగొడుతుంది.

10. రియాక్షనుని నమోదు చేయించండి

మందుల దుష్ఫలితాల్ని నమోదు చేసే ప్రభుత్వ కార్యక్రమానికి ఉచిత ఫోను నంబరు 1800-180-3024. పనిదినాల్లో పగటిపూట చేయాలి. రోగులే చెప్పొచ్చు, డాక్టరు చేతే చేయించక్కర్లేదు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. ఫోన్ చేసేటప్పుడు షీటు చేతిలో ఉంచుకోండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, వేసుకున్న రోజు, దద్దుర్లు లేచిన రోజు అడుగుతారు. మూడో మెట్టులో రాసిన కాగితం అక్కడ పనికొస్తుంది.